చల్లటి చర్మం కింద 41.6 డిగ్రీలు: ఒక మెఫెడ్రోన్ కేసు

మెఫెడ్రోన్ అనే మత్తుపదార్థం తీసుకుని మా ఆసుపత్రికి వచ్చిన ఒక అబ్బాయి కేసు ఇది. రాయడానికి ఆ అబ్బాయీ వాళ్ల నాన్నా ఒప్పుకున్నారు. ఎవరూ గుర్తుపట్టకుండా వయసు, ఊరు, చదువు కొంత మార్చాను. అంకెలు కేస్‌షీటులోవే. మా పొరపాట్లు కూడా కేస్‌షీటులో ఉన్నవే, వాటిని మాత్రం మార్చలేదు.

రాత్రి 3.10

ఏప్రిల్ చివరి శనివారం. పగలు 42 దాటిన వారం. క్యాజువాల్టీలో సాయంత్రం నుంచీ వడదెబ్బ కేసులే. మేస్త్రీలు, డెలివరీ కుర్రాళ్లు, బస్టాండులో పడిపోయిన ఒక పెద్దాయన. అర్ధరాత్రి దాటాక కాస్త ఊపిరి పీల్చుకుని టీ తెప్పించుకున్నాం. టీ కప్పులు ఇంకా టేబుల్ మీదే ఉన్నాయి, ఒక కారు ర్యాంపు మీదికి రివర్స్‌లో వచ్చింది.

వెనక సీట్లోంచి ఇద్దరు కుర్రాళ్లు మూడో కుర్రాణ్ని లాగుతున్నారు. ఇరవై రెండేళ్లుంటాయి. చొక్కా లేదు, జీన్స్ తడిసి కారుతోంది, ఒక కాలికే చెప్పుంది. స్ట్రెచర్ మీద పడుకోబెడితే లేచి కూర్చుంటున్నాడు. కళ్లు తలుపు వైపే. "తలుపెయ్యండి, వాళ్లొస్తున్నరు, తలుపెయ్యండి" అంటున్నాడు. తలుపు వేసే ఉంది. దవడలు బిగబట్టి పళ్లు నూరుతున్నాడు. ఆ చప్పుడు మూడు మంచాల అవతలికి వినిపిస్తోంది.

"ఏం తీసుకున్నాడు?" అని అడిగాను.

"ఏం లేదండీ, రెండు బీర్లు తాగాడంతే. ఎండ దెబ్బేమో సార్." కృష్ణా జిల్లా మాట. ఆ కుర్రాడి చెయ్యి కూడా వణుకుతోంది. నా వైపు చూడకుండా చెప్పాడు. అప్పుడే నాకు అర్థం కావలసింది.

నాడి 168. బీపీ 178/104. ఊపిరి నిమిషానికి 34 సార్లు. ఆక్సిజన్ 95 శాతం. షుగర్ 88, బాగానే ఉంది. కంటిపాపలు పెద్దవిగా ఉన్నాయి, టార్చి వేస్తే నెమ్మదిగా చిన్నవవుతున్నాయి. మా పీజీ డాక్టరు చంకలో డిజిటల్ థర్మామీటరు పెట్టి 101.8 ఫారన్‌హీట్ అని రాశాడు. చేత్తో ముట్టుకుంటే ఛాతీ చల్లగా ఉంది, మంచినీళ్ల కుండలాగా.

ఆ చల్లదనం మమ్మల్ని మోసం చేసింది.

మొదటి 35 నిమిషాలు

ఇక్కడ మేం చేసిన పనులు వరసగా చెబుతాను, ఎందుకంటే దాదాపు ఏ క్యాజువాల్టీలోనైనా ఇవే జరుగుతాయి.

తాగి గొడవ చేస్తున్నాడనుకున్నాం. నలుగురు వార్డుబాయ్‌లు కాళ్లూ చేతులూ పట్టుకున్నారు. మణికట్లు రెండూ గాజ్ బ్యాండేజీతో స్ట్రెచర్ కమ్మీలకు కట్టించింది నేనే. గొడవపడే పేషెంటుకు మన దగ్గర అలవాటుగా ఇచ్చే హలోపెరిడాల్, ప్రొమెథజైన్ కలిపి 3.18కి తుంటికి ఇంజెక్షన్ చేశాం. 101.8 ఉంది కదా అని పీజీ పారాసిటమాల్ 1 గ్రాము డ్రిప్పు పెట్టాడు. ఇంతే. తర్వాత పక్క మంచం మీద ఛాతీ నొప్పి కేసు వస్తే అటు వెళ్లాను.

కట్టేసిన మనిషి ఊరికే పడుకోడు. పావుగంట సేపు బలమంతా పెట్టి కట్లు తెంచుకోవాలని చూశాడు. తొడ కండరాలు తాళ్లలా పైకి తేలాయి. కదలడం ఆగిపోయింది కాబట్టి శాంతించాడనుకున్నాం, నిజానికి కండరాలన్నీ పొయ్యిలా మండుతున్నాయి.

3.45కి సీనియర్ సిస్టర్ బెడ్‌షీటు మార్చడానికి అతని వీపు కింద చెయ్యి పెట్టింది. చటుక్కున వెనక్కి తీసుకుంది. "సార్, కింద కాలిపోతోంది."

మలద్వారంలో ప్రోబ్ పెట్టించాను. 41.6 సెంటీగ్రేడ్, అంటే ఫారన్‌హీట్‌లో 106.9. ముందు వైపు తడిసిన చర్మం ఏసీ గాలికి చల్లబడి ఉంది. తీసుకొచ్చేముందు వాళ్లు గంటకు పైగా షవర్ కింద కూర్చోబెట్టారట. తడి చంకలో పెట్టిన థర్మామీటరు షవర్ నీళ్లను కొలిచింది, మనిషిని కాదు.

అయోమయంగా, గొడవగా ఉన్న పేషెంటుకు చంకలో టెంపరేచర్ చూసి వదిలెయ్యకూడదని నేనే పీజీలకు క్లాసులో చెబుతుంటాను.

జ్వరం కాదు, వేడి

ఈ తేడా తెలియకపోతే మిగతాదంతా అర్థం కాదు, అందుకే ఇక్కడ కొంచెం ఆగుతాను.

జ్వరం వచ్చినప్పుడు మెదడే తన కొలతను పెంచుకుంటుంది. 37 బదులు 39 ఉండాలని నిర్ణయించుకుని, వణుకు పుట్టించి ఒళ్లు వేడి చేస్తుంది. పారాసిటమాల్ ఆ కొలతను కిందికి దించుతుంది, అందుకే పనిచేస్తుంది. ఈ అబ్బాయి మెదడు కొలత 37 దగ్గరే ఉంది. కింద మంట మాత్రం ఆగట్లేదు. మెఫెడ్రోన్ లాంటి మత్తుమందులు డోపమైన్, నోర్అడ్రినలిన్, సెరటోనిన్ అనే మెదడు రసాయనాలను నరాల చివర్ల నుంచి ఒక్కసారిగా బయటికి నెట్టి, తిరిగి లోపలికి పోనివ్వవు. దాంతో కండరాలు బిగుసుకుంటాయి, మనిషి ఆగకుండా కదులుతాడు, వేడి పుడుతుంది. అదే నోర్అడ్రినలిన్ చర్మంలో రక్తనాళాలను ముడుస్తుంది, పుట్టిన వేడి బయటికి పోదు. కుక్కర్ కింద మంట పెంచి, పైన విజిల్ గొట్టం మూసేసినట్టు. ఇలాంటప్పుడు పారాసిటమాల్ చెయ్యగలిగిందేమీ లేదు. పైగా అప్పటికే దెబ్బ తింటున్న లివర్ మీద ఇంకో బరువు.

మేమిచ్చిన ఇంజెక్షన్ కూడా మేలు చెయ్యలేదు. ప్రొమెథజైన్ చెమటను తగ్గిస్తుంది, మిగిలిన ఒక్క దారీ మూసినట్టే. హలోపెరిడాల్ గుండె లయను చెడగొట్టవచ్చు, ఫిట్స్ వచ్చే అవకాశం పెంచుతుంది, శరీరం వేడిని సర్దుకునే పనికీ అడ్డుపడుతుంది. తెలిసిన మానసిక జబ్బు ఉన్న మనిషి గొడవ చేస్తే ఆ జోడీ మంచిదే, నేను రోజూ వాడతాను. వేడెక్కిన మనిషికి మాత్రం మొదట కావలసింది లోరజెపామ్, మిడజోలామ్ లాంటి మనిషిని శాంతపరిచే మందులు, అవీ ధారాళంగా. కట్లు విప్పడానికి వీలయ్యేంత.

3.47కి కట్లు కోసేశాం. మిడజోలామ్ 5 మిల్లీగ్రాములు నరానికి, మూడు నిమిషాలకు మరో 5. ఇంకా పళ్లు నూరుతూనే ఉన్నాడు. బ్లడ్ గ్యాస్ వచ్చింది: పీహెచ్ 7.16, లాక్టేట్ 9.8, పొటాషియం 5.9. అంటే రక్తం ఆమ్లంగా మారింది, పొటాషియం పెరిగింది. ఆ అంకెలు చూశాక ఆలోచించడానికి ఏమీ లేదు, మత్తిచ్చి గొంతులో ట్యూబు వెయ్యాలి, కండరాలను పూర్తిగా ఆపెయ్యాలి. కండరాలను ఆపడానికి అలవాటుగా చేతికొచ్చే సక్సినైల్‌కోలిన్ వద్దన్నాను, కండరాలు పగులుతున్న మనిషికి అది పొటాషియాన్ని ఇంకా పెంచి గుండెను ఆపగలదు. దాని బదులు రొకురోనియం ఇచ్చాం. పొటాషియం ప్రమాదానికి కాల్షియం గ్లూకోనేట్, ఇన్సులిన్, డెక్స్‌ట్రోజ్ పక్కనే నడుస్తున్నాయి.

కార్డియాలజీ కుర్ర డాక్టరు 168 నాడి చూసి, నాడిని తగ్గించే మెటోప్రొలాల్ అనే బీటా బ్లాకర్ ఇద్దామన్నాడు. వద్దన్నాను. ఈ మందుల కేసుల్లో బీటా బ్లాకర్ల మీద వాదన ఇంకా తెగలేదు, నేనూ తీర్పు చెప్పను. కానీ ఆ రాత్రి నాడికి కారణం గుండెలో లేదు. మత్తు పెట్టి చల్లార్చితే అదే దిగుతుంది. దిగింది కూడా, ఐదు గంటలకల్లా 112.

ఐసు

మా ఐస్‌ప్యాకులు ఆరే. వడదెబ్బ కేసులకు అప్పటికే వాడేశాం, సగం కరిగి ఉన్నాయి. క్యాంటీన్ మూసేసి ఉంది. వాచ్‌మన్ తాళం తీయించి డీప్ ఫ్రీజరులో చేపల కింద ఉన్న ఐసు గడ్డలు తెచ్చాడు. వాటిని గోనెసంచిలో చుట్టి, ఆక్సిజన్ సిలిండర్ తిప్పే స్పానరుతో ఇద్దరు వార్డుబాయ్‌లు పగలగొట్టారు. ఆ వాసన రెండు రోజులు పోలేదు.

మనిషిని ముంచడానికి తొట్టి లేదు. మార్చురీకి వాడే జిప్పు సంచి తెమ్మన్నాను. సిస్టర్ నా మొహం చూసింది. "సార్, అందులోనా?" అందులోనే. నీళ్లు కారవు, నిలువెత్తు మనిషి పడతాడు, ఐసు నీళ్లు పోసి మెడ దాకా జిప్పు వెయ్యొచ్చు. వడదెబ్బకు ఈ పద్ధతి వాడి మంచి ఫలితాలు వచ్చినట్టు వైద్య పత్రికల్లో రాశారు. ఆ సంచి అంటే మనవాళ్లకు ఉండే భయం నాకూ ఉంది. బంధువులు అప్పటికి రాలేదు, అది కలిసొచ్చింది.

4.05కి ఐసులో. 4.27కి 38.9. అక్కడ బయటికి తీసేశాం, ఇంకా దిగేదాకా ఉంచితే కిందికి జారిపోతుంది. 22 నిమిషాల్లో 2.7 డిగ్రీలు. తడిగుడ్డ, ఫ్యానుతో గంటన్నర పట్టేది, అప్పటికి ఏం మిగిలేదో చెప్పలేను.

"ఎండీ అన్నారు సార్"

మొదట మాట్లాడిన కుర్రాడు పారిపోలేదు. ఫార్మసీ పక్కన కుర్చీలో మోచేతులు మోకాళ్ల మీద ఆనించి కూర్చున్నాడు. రెండోవాడు కారుతో సహా మాయం. ఎక్స్‌రే రూము వెనక్కి తీసుకెళ్లి నిలబెట్టాను.

"నేను పోలీసును కాదు. ఎవడమ్మాడో నాకు చెప్పకు. ఎన్నింటికి మొదలు, ఎన్నిసార్లు, వేరే ఏం కలిపాడు, ఈ మూడే చాలు."

ఏడ్చేశాడు. "ఎండీ అన్నారు సార్. మోలీ అనుకున్నాం."

ఫాంహౌసు. పది మంది. ఒక గది, కరెంటు పోయింది, సౌండు బయటికి వినపడకుండా కిటికీలు మూశారు. రాత్రి పదిన్నరకు మొదటిసారి ముక్కుతో పీల్చాడు. తర్వాత గంటకోసారి, ఒకటిన్నర దాకా. మిగతావాళ్లు కూర్చున్నా ఇతను డాన్సు ఆపలేదు. ముందు రోజు రాత్రి ప్రాజెక్టు వైవా కోసం నిద్ర లేదు. ఒకటిన్నరకు గోడతో మాట్లాడడం మొదలెట్టాడు. షవర్ కింద కూర్చోబెట్టారు, మజ్జిగ పట్టారు, నిమ్మకాయ నాకించారు. మూడు దాటే దాకా దిగుతుందిలే అని చూశారు.

"ముందే ఎందుకు తేలేదురా?"

"కేసవుతుందని సార్."

ఎండీ అన్న మాట దగ్గరే సగం ప్రమాదముంది. ఒకరి నోట అది ఎండీఎంఏ, అంటే ఎక్స్‌టసీ, మోలీ. ఇంకొకరి నోట, ముఖ్యంగా ముంబై వైపు నుంచి వచ్చిన వాడుకలో, మెఫెడ్రోన్, మ్యావ్ మ్యావ్. రెండూ చూడడానికి తెల్లటి పలుకులే. మెఫెడ్రోన్ తొందరగా ఎక్కి రెండు మూడు గంటల్లో దిగిపోతుంది. మెదడులో ఊపు దిగినా నాడి, వేడి వెంటనే దిగవు. ఊపు పోయిందని మళ్లీ పీలుస్తారు. ఐదోసారి పీల్చినప్పుడు ఒంట్లో మొదటి నాలుగింటి బరువు ఉందన్న సంగతి తెలియదు. అమ్మినవాడికి కూడా పొట్లంలో ఏముందో తెలుసనుకోవడం భ్రమ.

ఇదేమీ కొత్త పదార్థం కాదు. 1929లోనే తయారైంది. డెబ్బై ఏళ్లకు పైగా ఎవరూ పట్టించుకోలేదు. 2000 తర్వాత ఇంటర్నెట్ దాన్ని తవ్వి తీసింది. ఇజ్రాయెల్ 2008లో, బ్రిటన్ 2010 ఏప్రిల్‌లో నిషేధించాయి. మన దేశంలో మత్తుపదార్థాల చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి 2015 ఫిబ్రవరిలో వచ్చింది. అంతకుముందు పట్టుకున్నా చట్టంలో పేరు లేదు. మెఫెడ్రోన్ కెథినోన్ల కుటుంబంలోది. యెమెన్, ఇథియోపియాలో నమిలే ఖాత్ ఆకులో ఉండే కెథినోన్‌కు ఫ్యాక్టరీలో పుట్టిన చుట్టం. మందుల ఫ్యాక్టరీలున్న చోట దీన్ని తయారు చెయ్యడం కష్టం కాదు. 2025 సెప్టెంబరులో మహారాష్ట్ర నుంచి మీరా-భయందర్ పోలీసులొచ్చి మన హైదరాబాద్ చర్లపల్లిలోనే ఒక యూనిట్‌ను పట్టుకున్నారు. ఎక్కడి నుంచో వస్తోందని అనుకుంటాం కానీ, మన ఔటర్ రింగ్ రోడ్డు లోపలే వండుతున్నారు.

పది మంది తీసుకుంటే ఇతనికే ఎందుకిలా అని వాళ్ల నాన్న తర్వాత అడిగారు. నిజాయితీగా చెప్పాలంటే, పొట్లం కన్నా గది ఎక్కువ చంపబోయింది. యాంఫెటమిన్ ఒంటరిగా ఉన్న ఎలుకల కన్నా ఒకే బోనులో కుక్కిన ఎలుకలను ఎక్కువగా చంపుతుందని 1940ల్లోనే ప్రయోగాల్లో తేలింది. గది వేడిగా ఉంటే మరీనూ. కరెంటు లేని ఏప్రిల్ రాత్రి, మూసిన కిటికీలు, పది మంది ఒంటి వేడి, నిద్ర లేని ఒళ్లు, ఆగని డాన్సు. అదే మోతాదు డిసెంబరులో మేడ మీద తీసుకుని ఉంటే మర్నాడు తలనొప్పితో లేచేవాడేమో. సురక్షితం అని కాదు నేననేది, ఏ రాత్రి ఏమవుతుందో తీసుకునేవాడి లెక్కకు అందదు అని.

మజ్జిగ, నీళ్లు పట్టించిన సంగతి కూడా చెప్పాలి. నీళ్లు తాగిస్తే దిగుతుందన్నది పార్టీల్లో తిరిగే సలహా. మెఫెడ్రోన్, ఎండీఎంఏ నీళ్లతో కడుక్కుపోవు. ఎండీఎంఏ విషయంలో అయితే అది ప్రాణం తియ్యగలదు. మూత్రాన్ని ఆపే హార్మోను పెరిగి, తాగిన నీళ్లు ఒంట్లోనే నిలిచి, సోడియం పడిపోయి మెదడు వాస్తుంది. 1995 నవంబరులో బ్రిటన్‌లో పద్దెనిమిదో పుట్టినరోజు పార్టీలో ఒక ఎక్స్‌టసీ మాత్ర వేసుకున్న లియా బెట్స్ గంటన్నరలో దాదాపు 7 లీటర్ల నీళ్లు తాగింది. అదే ఆమె ప్రాణం తీసింది. మా వాడి సోడియం 134, ఆ గండం లేదు.

డికాక్షన్

క్యాథెటర్ వేస్తే 80 మిల్లీలీటర్ల మూత్రం వచ్చింది. ఫిల్టర్ కాఫీ డికాక్షన్ రంగు. స్ట్రిప్పు ముంచితే రక్తం 3 ప్లస్, మైక్రోస్కోపు కింద ఎర్ర కణాలు లేవు. అంటే అది రక్తం కాదు, పగిలిన కండరాల రంగు, మయోగ్లోబిన్. కండరాలు పగిలితే రక్తంలో పెరిగే ఎంజైము సీపీకే, మొదటిసారి 3,400. వచ్చిన వెంటనే చూసే సీపీకే ఎప్పుడూ తక్కువే చెబుతుంది, అది చూసి ఊపిరి పీల్చుకోకూడదు. 24 గంటలకు 48,000. 36 గంటలకు 86,000. మామూలుగా రెండొందల లోపు ఉండాలి.

మొదటి గంటలో 2 లీటర్ల సెలైన్, తర్వాత గంటకు 500 మిల్లీలీటర్లు. అయినా మూత్రం రాలేదు. రెండో రోజు సాయంత్రానికి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 5.8, డయాలసిస్ మొదలు. మూడో రోజు లివర్ ఎంజైములు 2,100, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్ఆర్ 2.6, ప్లేట్‌లెట్లు 52,000. వేడి ఒక్క అవయవంతో ఆగదు. లోపల మొత్తం ఉడుకుతుంది, ఏది ముందు చెడిందో వరసగా బయటపడుతుంది.

మెదడు ఇన్ఫెక్షనేమో అన్న అనుమానం తీరేదాకా సెఫ్‌ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చాం. సీటీ బాగుంది. ఐఎన్ఆర్ పెరగడంతో వెన్నులో నీరు తియ్యలేదు. దాని మీద మా న్యూరాలజిస్టుకూ నాకూ అభిప్రాయభేదం ఉంది, ఇప్పటికీ ఉంది.

ప్లేట్‌లెట్ల మాట బయటికి పొక్కగానే బంధువులకు అది డెంగీ అయిపోయింది. నాలుగో రోజు వాళ్ల మేనమామ స్టీలు టిఫినులో బొప్పాయి ఆకు రసం పట్టుకొచ్చి ఐసీయూ గుమ్మం దగ్గర సెక్యూరిటీతో తగువు పడ్డాడు. డెంగీ టెస్టు నెగెటివ్ అని చూపించినా, "ఎట్లైతేంది సార్, ప్లేట్‌లెట్లు పెరుగుతయి గద" అన్నాడు. ఆయనకు నిజం చెప్పలేని వాళ్ల నాన్న గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"నెగెటివ్ వచ్చింది గద సారూ"

నాన్నది సూర్యాపేట దగ్గర బైకు స్పేర్‌పార్టుల దుకాణం. ఉదయం ఏడింటికి వచ్చారు. చేతులకు ఇంకా గ్రీజు ఉంది. నేను విషయం చెప్పాను.

"మావోడు ఎన్నడు సిగరెట్ గూడ ముట్టలే సారూ."

మా ల్యాబులో మూత్రానికి కిట్టు టెస్టు చేశాం. ఆరు గీతల పట్టీ. యాంఫెటమిన్, గంజాయి, ఓపియాయిడ్లు అన్నీ నెగెటివ్. రిపోర్టు ఆయన చేతికి వెళ్లింది. నా టేబుల్ మీద పెట్టి, "నెగెటివ్ వచ్చింది గద సారూ, మీరేమో..." అని ఆగిపోయారు.

ఆ కిట్టు మెఫెడ్రోన్‌ను నమ్మకంగా పట్టలేదు. అది వెతికే ఆకారం వేరు, దీని ఆకారం వేరు. తీసుకున్నవాడికి నెగెటివ్ రావచ్చు. ఇంకోవైపు జలుబుకు సూడోఎఫెడ్రిన్ మాత్ర వేసుకున్నవాడికి యాంఫెటమిన్ పాజిటివ్ రావచ్చు. బీపీకి లబెటలాల్ వాడేవారికీ రావచ్చు. ఆ పట్టీ చేతిలో పెట్టుకుని పిల్లల్ని నిలదీసే తల్లిదండ్రులను, సస్పెండ్ చేసే కాలేజీలను చూస్తుంటాను. వైద్యం కోసమైతే ఆ పట్టీ అసలు అవసరమే లేదు. పేరేదైనా చికిత్స ఒకటే: మత్తు, ఐసు, సెలైన్. మేం పెద్ద ల్యాబుకు పంపిన నమూనా తొమ్మిదో రోజు మెఫెడ్రోన్ అని చెప్పింది. అప్పటికి అతను కూర్చుని ఇడ్లీ తింటున్నాడు.

ఎంఎల్‌సీ, అంటే పోలీసులకు తెలియజేసే మెడికో లీగల్ కేసు రాశాను. విషప్రయోగం కేసుల్లో మామూలుగా రాసేదే. కానిస్టేబుల్ వచ్చి రెండు ప్రశ్నలడిగి సంతకం తీసుకుని వెళ్లాడు. కేసవుతుందన్న భయంతో గంటన్నర షవర్ కింద పోగొట్టుకున్నారు కాబట్టి, ఇది చెప్పడం నా పని. ఎంఎల్‌సీ అంటే అరెస్టు కాదు. మత్తుకు అలవాటు పడిన మనిషి, వాడినందుకు పెట్టే సెక్షన్ 27 కిందో, చిన్న పరిమాణం కేసులోనో ఇరుక్కున్నా, తనంతట తాను ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు వస్తే, ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 64ఏ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఈ సెక్షన్ సంగతి నేనడిగిన ఏ కాలేజీ పిల్లాడికీ తెలియదు. జైలుశిక్షలు రాసిన బోర్డులు మాత్రం ప్రతి గేటు దగ్గరా ఉన్నాయి.

తర్వాత

ఐదో రోజు ట్యూబు తీశాం. మొదటి మాట మళ్లీ తలుపు గురించే. మూడు రోజుల పాటు ఐసీయూ గడియారంలో కెమెరా ఉందన్నాడు, సిస్టర్లు తన పేరు గుసగుసలాడుతున్నారన్నాడు. సైకియాట్రిస్టు చిన్న మోతాదులో ఒలాంజపిన్ మొదలుపెట్టారు. అనుమానాలు తగ్గాక అసలైన పాతాళం వచ్చింది. రోజుకు పదహారు గంటల నిద్ర, లేస్తే ఏడుపు, తిండి మీద ధ్యాస లేదు. ఒంట్లో ఉన్న డోపమైన్, సెరటోనిన్ ఒక్క రాత్రిలో ఖర్చు పెట్టేసిన మనిషికి ఇది రావడం సహజం, కానీ ఆ రోజుల్లోనే చావాలన్న ఆలోచనలు వస్తాయి. ప్రాణం నిలిచిందని ఇంటికి పంపేసి చేతులు దులుపుకుంటే పొరపాటు. పంపేటప్పుడు నాన్న ఫోనులో మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 సేవ్ చేయించాను.

మొత్తం ఆరు డయాలసిస్‌లు. పద్నాలుగో రోజు నుంచి మూత్రం బాగా వచ్చింది, పద్దెనిమిదో రోజు డిశ్చార్జి. "కిడ్నీలు పోయినయా సారూ" అన్న ప్రశ్న నాన్న ఆ పద్దెనిమిది రోజుల్లో నన్ను ఎన్నిసార్లు అడిగారో లెక్క లేదు. డిశ్చార్జి రోజు మాత్రం అడగలేదు. బిల్లు కట్టి, రసీదులు ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, లిఫ్టు దగ్గర కొడుకు చెప్పుల బకిల్స్ ఆయనే వంగి పెట్టారు. బిల్లు ఎంతైందో నేను రాయను. ఊళ్లో ఒక ప్లాటు పోయింది.

ఆరు వారాలకు చూపించుకోవడానికి వచ్చాడు. క్రియాటినిన్ 1.4. ఎనిమిది కిలోలు తగ్గాడు. మెట్లు ఎక్కితే తొడలు లాగుతున్నాయన్నాడు. నిద్ర మామూలైంది. అంతకుముందు నాలుగుసార్లు తీసుకున్నానని అప్పుడు చెప్పాడు, నాన్న బయట ఉన్నప్పుడు. ఫోనులో ఆ గ్రూపు ఇంకా ఉంది, మ్యూట్‌లో పెట్టాడు, డిలీట్ చెయ్యలేదు. అది కూడా రాసుకున్నాను.

వెళ్లబోతూ కుడిచెయ్యి చాపాడు. బొటనవేలి వెనక రూపాయి బిళ్లంత మేర స్పర్శ లేదట. పెన్ను పట్టుకుంటే తెలుస్తోందట.

"ఇది కూడా ఎండీ వల్లనేనా సార్?"

మణికట్టు మీద ఇంకా లేత గులాబీ రంగు గీత ఉంది, గాజ్ బ్యాండేజీ వెడల్పున. ఆ గీత కిందే చర్మానికి స్పర్శనిచ్చే రేడియల్ నరం పోతుంది.

"కాదు. ఇది మేం కట్టిన కట్టు" అన్నాను.